తెలిసినవాళ్లు ఎడమ చెయ్యి ఎత్తండి

8 జూలై 1968, సోమవారం
విజయనగరం, ట్రైనింగ్ కాలేజి హాస్టలు

ఈ వయసులో నాకు హాస్టలు మంచం. నవారు వదులు. కూచుంటే నడుం నేలకి తగులుతోంది.

ఇద్దరు పిల్లల్ని అత్తగారికి అప్పగించి బి.ఇడి. చదవడానికి వచ్చాను. చీపురుపల్లి స్టేషన్లో బండి ఎక్కిస్తూ కూడా మా ఆయన నవ్వారు. పాఠాలు చెప్పి చెప్పి జుట్టు నెరిసిన మనిషికి పాఠం చెప్పడం నేర్పుతారా అన్నారు. నేర్పరు. కాగితం ఇస్తారు. ఆ కాగితం లేకే రెండేళ్లుగా దేవరవలస గర్ల్స్ హైస్కూల్లో ఇన్‌చార్జి హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండిపోయాను. ఇన్‌చార్జి అన్న మాట బోర్డు మీద నా పేరుకంటే పెద్దక్షరాలతో రాయించారు. దారినపోయే ప్రతివాడూ చదువుకోవచ్చు.

డి.ఇ.ఓ. గారు తేల్చి చెప్పేశారు. వచ్చే జూన్‌కి బి.ఇడి. ఉంటే స్కూలు నాది. ప్రాక్టికల్స్‌లో ఫస్ట్ క్లాసు వస్తే ఇంకెవరూ నోరెత్తరు. లేదంటే బయటినుంచి ఎవరినో తెచ్చి నా నెత్తిన కూచోబెడతారు. పదిహేడేళ్ల చాకిరీ ఎవరికో అప్పగించడానికి చెయ్యలేదు.

ఇదంతా సరే. గదిలో రెండో మంచం ఎవరిదా అని చూస్తే కన్యాకుమారి. మా ఊరి కిరాణా కొట్టు నూకయ్య కూతురు. నా దగ్గరే ఆరో తరగతి నుంచి చదువుకుంది. ఇరవై మూడేళ్లుంటాయేమో. డిగ్రీ పట్టా మీద సిరా ఇంకా ఆరలేదు. నా ట్రంకు పెట్టె లాక్కుని తనే మోసింది. మీరూ నేనూ ఒకే క్లాసా టీచరుగారూ అని చప్పట్లు కొట్టింది.

నాకు చప్పట్లు కొట్టాలనిపించలేదు.

11 జూలై

అందరి ముందూ టీచరుగారూ అని పిలుస్తోంది. ఇప్పుడు క్లాసంతా అలాగే పిలుస్తున్నారు, వాచ్‌మన్‌తో సహా. అలా పిలవొద్దే అన్నాను. మరేటి పిలవను, పిన్నీ అననా అంది. టీచరుగారే నయం.

2 ఆగస్టు, శుక్రవారం

ఇవాళ రంగనాథం గారి లెక్చరు. మెథడ్ చెప్పే ఆయన. నాకంటే చిన్నవాడే, కాని కళ్లజోడు పెద్దది. నాయకుడు పుడతాడా, తయారవుతాడా అని గంటసేపు చెప్పారు. నాకు తెలిసి నాయకుడు సీనియారిటీ లిస్టులోంచి వస్తాడు. ఆ మాట నోట్సులో రాసుకుని మళ్లీ కొట్టేశాను.

తర్వాత ప్రాక్టీస్ టీచింగుకి గ్రూపులు వేశారు. మా గ్రూపు మొత్తం ఆడవాళ్లమే. లీడరు కావాలి. నేను కుచ్చిళ్లు కూడా సర్దుకున్నాను, పేరు పిలిస్తే నిలబడాలి కదా అని. ఆయన మీలో మీరే ఎన్నుకోండి అన్నారు. అందరూ కన్యాకుమారి అన్నారు. ఒక్క గొంతుతో. ఆ పిల్ల మాత్రం టీచరుగారుండగా నేనేటి అంది. పాపం పెద్దావిడ, అలిసిపోతారు అన్నారు వాళ్లు.

అలిసిపోతానట! మూడు వందలమంది ఆడపిల్లల్ని నోటితో నడిపిస్తున్నదాన్ని, పన్నెండుమందికి అలిసిపోతానట!

గదికొచ్చాక కన్యాకుమారి మనసు కష్టపెట్టుకున్నారా అని అడిగింది. ఛ, ఎందుకే అన్నాను. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు.

19 ఆగస్టు

నా దువ్వెనలో తెల్ల వెంట్రుకలు. ఆ పిల్ల దువ్వెనలో లేవు. చూశాను.

17 సెప్టెంబరు, మంగళవారం

క్రిటిసిజం లెసన్ అని ఒక శిక్ష ఉంది ఇక్కడ. ఒకరు స్కూలుకి వెళ్లి పాఠం చెప్తారు. మిగతావాళ్లం వెనక బల్లల మీద వరసగా కూచుని తప్పులు రాస్తాం. తర్వాత అందరి ముందూ చదివి వినిపించాలి. పెళ్లిచూపుల్లో కూడా ఇంత దారుణంగా చూడరు.

ఇవాళ కన్యాకుమారి వంతు. భిన్నాలు. సంచీలోంచి మామిడి తాండ్ర పలక తీసి బల్ల మీద పెట్టింది. పిల్లలు నోళ్లు తెరిచేశారు. సగం కోసింది. సగంలో సగం కోసింది. ఇప్పుడు బల్ల మీద ఎంతుందో చెప్పినవాళ్లకి ఆ ముక్క. క్లాసు క్లాసంతా ఊగిపోయింది. మూలన కునికే పిల్ల కూడా లేచి మూడు బై ఎనిమిది అని అరిచింది. గంట కొట్టేసరికి బల్ల మీద సున్నా.

రంగనాథం గారు ఇలాంటి పాఠం ఈ కాలేజీలో తను చూడలేదన్నారు. అందరూ మెచ్చుకున్నారు. నా వంతు వచ్చాక నేను రాసింది చదివాను. బోధనోపకరణము తినుబండారమగుటచే తరగతి క్రమశిక్షణకు భంగము వాటిల్లినది. ఎవరో కిసుక్కుమన్నారు.

బయటికొచ్చాక కన్యాకుమారి నా చెయ్యి పట్టుకుని పగలబడి నవ్వింది. ఏటి టీచరుగారూ అలా రాసీసారు, ఆరో తరగతిలో మాకు తాండ్ర కోసి సెప్పింది మీరే కదా అంది.

18 సెప్టెంబరు

అవును. నేనే. భీమిలి నుంచి మా చెల్లెలు పంపేది తాండ్ర. ఎప్పుడు మానేశానో గుర్తులేదు. ఇన్‌చార్జి అయ్యాక అనుకుంటా. ఆఫీసు గదికీ క్లాసుకీ మధ్య ఎక్కడో పోయింది.

పాఠం నాది, చప్పట్లు ఆ పిల్లకి. నా వస్తువు నా కళ్లముందే ఇంకొకరు కట్టుకుని తిరుగుతున్నట్టుంది. పైగా ఆ పిల్లకి నప్పింది. అదీ మంట.

5 అక్టోబరు
దేవరవలస

సెలవులకి ఇంటికొచ్చాను. మా ఆయనా, అత్తగారూ, పాలవాడూ అందరూ ఒకటే ప్రశ్న. నూకయ్య కూతురు బాగా సదువుతున్నాదా. నేనెలా చదువుతున్నానో ఒక్కరూ అడగరు.

నూకయ్య కొట్టు దగ్గర ఆపి మరీ చెప్పాడు. వచ్చే ఏడు మా అమ్మాయిని మన స్కూలుకే ఏస్తారట టీచరుగారూ, మీ కిందే ఉంటాది, మీ తరవాత అదే అన్నాడు. మంచివాడే. నేను కూచోకముందే నన్ను లేపేశాడు.

చింతపండు కొనుక్కుని వచ్చేశాను. ఇంట్లో ఉంది చింతపండు.

21 జనవరి 1969, మంగళవారం

నా క్రిటిసిజం లెసన్ ఇవాళ. అశోకుడు. లెసన్ ప్లాను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. మోటివేషన్, ప్రెజెంటేషన్, రికాపిట్యులేషన్, ఏదీ వదల్లేదు. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. ప్రశ్న అడిగితే ఒక పిల్ల ఏడ్చింది.

రంగనాథం గారు మెత్తగానే చెప్పారు. మీరు పాఠం చెప్పడం లేదమ్మా, ఇన్‌స్పెక్షన్ చేస్తున్నారు అన్నారు. మీరు పుట్టకముందునుంచీ చెప్తున్నాను అన్నాను. అబద్ధం. ఆయనకి ముప్ఫై అయిదుంటాయి. అయినా అనేశాను.

కన్యాకుమారి నా గురించి ఏమీ తప్పు రాయలేదు. కాగితం ఖాళీగా ఇచ్చింది. జాలి! దానికంటే రెండు తిట్లు రాసినా బావుండేది.

9 ఫిబ్రవరి

జ్వరం. గంజి కాచి పెట్టింది. తిట్టుకుంటూ తాగాను.

17 మార్చి, సోమవారం

రేపు ఫైనల్ ప్రాక్టికల్స్. నాకు ఎనిమిదో తరగతి బి సెక్షన్లో రెండో పీరియడు, నదులు. అదే క్లాసులో మూడో పీరియడు కన్యాకుమారికి, సమీకరణాలు. మార్కులు వెయ్యడానికి బయటినుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎవరో పాతకాలపు హెడ్మాస్టరు.

చేతుల సంగతి రాయాలి. మా జిల్లాలో టీచరైన ప్రతివాళ్లకీ తెలిసిన విద్యే. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే ముందురోజే పిల్లలకి చెప్పి పెడతాం. ఏ ప్రశ్న అడిగినా అందరూ చెయ్యి ఎత్తాలి. తెలిసినవాళ్లు కుడి, తెలియనివాళ్లు ఎడమ. చూసేవాళ్లకి క్లాసంతా సరస్వతులే. మనం కుడి చేతుల్నే లేపుతాం. నేను పదిహేడేళ్లు ఈ పద్ధతి మీదే నెట్టుకొచ్చాను. కన్యాకుమారి కూడా నా క్లాసులో హిస్టరీకి ఎడమ చెయ్యి ఎత్తిన పిల్లే.

ఈ ఎక్స్‌టర్నల్‌కి కూడా తెలుసట. పోయిన ఏడాది కావాలని ఎడమ చేతుల్నే లేపి అడిగాడట. అందుకని నేను తిరగేశాను. సాయంత్రం స్కూలుకెళ్లి బి సెక్షన్ పిల్లల్ని కూచోబెట్టి చెప్పాను. తెలిసినవాళ్లు ఎడమ చెయ్యి. తెలియనివాళ్లు కుడి. పెద్దవాళ్ల ముందు ఎడమ చెయ్యి ఎత్తితే తప్పు కదండీ అని ఒక పిల్ల నసిగింది. రేపటికి తప్పు లేదన్నాను. నాలుగుసార్లు ప్రాక్టీసు చేయించాను.

కన్యాకుమారి రాలేదు. లీడరు కదా. కూర్మమ్మ అని మా గ్రూపులో ఒక పిరికి పిల్ల ఉంది, పరీక్ష అంటే వాంతులు చేసుకుంటోంది. దాని దగ్గర కూచుని చార్టులన్నీ కన్యాకుమారే వేసి పెడుతోంది. మీరెలాగూ ఎల్తన్నారు కదా టీచరుగారూ, పిల్లలకి నాక్కూడా అదే సెప్పీండి అని బతిమాలింది. సరేనన్నాను. పిల్లలకి చెప్పాను కూడా, మూడో పీరియడులో కూడా ఇలాగే ఎత్తండి అని.

తిరగేశానని ఆ పిల్లకి చెప్పాలి. గదికొచ్చేసరికి కూర్మమ్మ మా గదిలోనే పడుకుని ఉంది. పొద్దున్న చెప్తాను.

18 మార్చి, మంగళవారం

పొద్దున్న చెప్పలేదు. ఇడ్లీ తింటున్నప్పుడు ఎదురుగానే ఉంది. చెప్పలేదు.

నా పాఠం బాగా జరిగింది. నాగావళి ఎక్కడ పుట్టింది అనగానే నలభై చేతులు లేచాయి. నేను ఎడమ చేతుల్ని లేపుతూ పోయాను. టకటకా చెప్పారు. ఎక్స్‌టర్నల్ ఒకసారి తనే లేచి ఒక ఎడమ చెయ్యి పిల్లని వంశధార గురించి అడిగాడు. అప్పగించినట్టు చెప్పింది. ఆయన ముఖం చూడాలి! తల ఊపి ఏదో పెద్దగా రాసుకున్నాడు.

గంట కొట్టారు. నేను వరండాలోకి వచ్చాను. కన్యాకుమారి చార్టు చుట్ట పట్టుకుని ఎదురొచ్చింది. చెమటలు. పిల్లలకి సెప్పీసారా టీచరుగారూ అని అడిగింది. చెప్పాను అన్నాను.

అబద్ధం కాదు. చెప్పాను. ఇంకో మాట చెప్పడానికి వ్యవధి ఉంది. ఆ పిల్ల చార్టు ఊడిపోతే మళ్లీ చుట్టుకుంది కూడా. నేను చూస్తూ నిలబడ్డాను. ప్రాక్టికల్స్‌లో కూడా ఈవిడే పైన వస్తే జూన్‌లో దేవరవలసకి ఏ ముఖం పెట్టుకుని వెళ్లను అనుకున్నాను. సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను. రాసుకుంటే తెలుస్తోంది ఎంత అసహ్యంగా ఉన్నాయో.

వెనక బల్ల మీద కూచున్నాను. మొదటి ప్రశ్నకి అన్ని చేతులూ లేచాయి. కన్యాకుమారి నవ్వుముఖంతో ఒక కుడి చెయ్యిని లేపింది. ఆ పిల్ల నోరు మెదపలేదు. ఇంకో కుడి చెయ్యి. ఏం లేదు. మూడోది నేల చూపులు. ఎక్స్‌టర్నల్ కలం ఆగకుండా రాస్తోంది. రంగనాథం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కన్యాకుమారి క్లాసంతా చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను కలానికి మూత పెట్టుకున్నాను.

తెలిసిపోయింది ఆ పిల్లకి. అప్పుడైనా ఎడమ చేతుల్ని లేపితే అంతా సర్దుకునేది. లేపలేదు. చేతులు దించెయ్యండమ్మా అంది. చార్టు పక్కన పెట్టేసింది. నోరు మెదపని ఆ ముగ్గురినీ బోర్డు దగ్గరికి పిలిచి, సుద్దముక్క వాళ్ల చేతికే ఇచ్చి, మొదటినుంచి మొదలుపెట్టింది. గంట కొట్టేసరికి లెసన్ ప్లానులో సగం కూడా అవలేదు. ఎక్స్‌టర్నల్ చివరిదాకా ఉండలేదు.

ఆ ముగ్గురికీ మాత్రం లెక్క వచ్చింది. చూశాను.

19 మార్చి

ఒక్క మాట అనలేదు. నా చీర కూడా ఆరేసింది తనవాటితో పాటు.

2 ఏప్రిల్

అనదేం? తిడితే నేనూ రెండు అంటాను, సరిపోతుంది. గురువుకే పంగనామాలు పెట్టడానికి చూశావు, గ్రూపు లీడరువయ్యావు, నా తాండ్ర ఎత్తుకుపోయావు అని. అన్నీ వరసగా పెట్టుకుని కూచున్నాను. అడిగేవాళ్లు లేరు.

12 జూన్, గురువారం
దేవరవలస

రిజల్ట్స్. నాకు ప్రాక్టికల్స్ ఫస్ట్ క్లాసు, థియరీ సెకండు. కన్యాకుమారికి థియరీ ఫస్టు, ప్రాక్టికల్స్ సెకండు.

మా ఆయన వీధంతా చెప్పుకొచ్చారు. అత్తగారు పాయసం చేశారు. సాయంత్రం నూకయ్య అరటిపళ్లు పట్టుకొచ్చాడు. మా అమ్మాయికి పాఠం సెప్పడం రాదని రాసీసినారట టీచరుగారూ, మీ దగ్గరెట్టుకుని నేర్పండి అన్నాడు. పళ్లు నా చేతికిచ్చి కళ్లు తుడుచుకున్నాడు.

పాయసం వెగటుగా ఉంది. బెల్లం ఎక్కువైందని అత్తగారి మీద ఎగిరాను.

16 జూన్, సోమవారం

ఆమదాలవలసలో దిగి, బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లాను. డి.ఇ.ఓ. గారు కుర్చీ చూపించి మరీ ఆర్డరు చేతికిచ్చారు. హెడ్‌మిస్ట్రెస్. ముందూ వెనకా ఏ మాటా లేదు. ఎన్నేళ్లకి! బస్సులో చదువుకోవచ్చని మడతపెట్టి జాకెట్లో దోపుకున్నాను.

అంతటితో లేచి వచ్చేస్తే ఎంత బావుండేది. ఆయనే కదిపారు. మీ ఊరి కన్యాకుమారి మీ స్కూలుకే అడుగుతోంది, లెక్కల పోస్టు ఖాళీగానే ఉంది, ప్రాక్టికల్స్ మార్కులు అంతంత మాత్రం కాని హెడ్‌మిస్ట్రెస్‌గా మీరు కావాలంటే వేస్తాను అన్నారు.

పొద్దున్న లేస్తే ఆ పిల్ల. స్టాఫ్ రూములో ఆ పిల్ల. ఇంటర్వెల్‌లో ఆడపిల్లలంతా దాని చుట్టూ, కిటికీలోంచి చూస్తూ నేను. వద్దండీ అన్నాను. సొంత ఊరి పిల్ల అయితే ఊళ్లోవాళ్ల జోక్యం ఎక్కువవుతుంది అన్నాను. ఎంత హుందాగా వచ్చిందో ఆ మాట!

అయితే ఉన్నది గరివిడి ఒక్కటే అన్నారాయన. ఫ్యాక్టరీ వైపు కొత్తగా పెట్టిన గర్ల్స్ స్కూలు. ఇద్దరు అసిస్టెంట్లు, పైన ఎవరూ లేరు. ఈ అమ్మాయికి బి.ఇడి. ఉంది కాబట్టి ఇన్‌చార్జి హెడ్‌మిస్ట్రెస్‌గా వెయ్యాల్సి వస్తుంది, చిన్నపిల్ల కదా, మీరేమంటారు అన్నారు. మీకు లెక్కలకి మాత్రం వచ్చే ఏడు దాకా ఎవర్నీ ఇవ్వలేను అని కూడా అన్నారు.

అప్పుడైనా నా మాట వెనక్కి తీసుకుని ఉండొచ్చు. నేను పదిహేడేళ్లు పాకి చేరినదానికి ఆ పిల్ల ఇరవై మూడేళ్లకే ఎగిరి చేరుతోంది, చేరవేస్తున్నది నేనే. గరివిడి మాకు ఒక్క స్టేషను దూరం. అయినా మాట మార్చలేదు. ఒంటరిగా పడితే తెలుస్తుందిలే అనుకున్నాను. లెక్కలు నేనే చూసుకుంటానన్నాను.

తిరుగు బస్సులో ఆర్డరు తియ్యలేదు.

21 జూన్, శనివారం

కన్యాకుమారి వచ్చింది. ఎల్లుండి గరివిడిలో జాయినవ్వాలట. నేను వద్దన్న సంగతి ఆఫీసులో ఎవరో చెప్పే ఉంటారు. దాని ఊసెత్తలేదు. కాఫీ తాగింది. అత్తగారు లోపలికి వెళ్లాక అడిగింది.

ఆ రోజు వరండాలో ఏ చెయ్యో ఒక్క మాట సెప్పుంటే ఏటి పోయేది టీచరుగారూ అంది. కోపంగా అనలేదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు అడిగింది.

మర్చిపోయానే అని చెప్పడానికి మూడు నెలలుగా తయారుగా ఉన్నాను. తీరా నోటికి అది రాలేదు. నీ మీద అసూయమ్మా అన్నాను. కుళ్లు అని కూడా అన్నాను, అర్థం కాదేమోనని.

నవ్వేసింది. నా మీద మీకు కుళ్లేటి, ఊరుకోండి టీచరుగారూ అంది. నేను నవ్వలేదు. మెల్లిగా ఆ పిల్ల నవ్వు కూడా ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టింది. చిన్నప్పుడు అచ్చం మీలాగే ఉండాలని మీ నడక కూడా నడిసేదాన్ని అంది. మా అమ్మ తిట్టేది అంది.

బండి టైమయిందని లేచింది. గుమ్మం దాకా వెళ్లాను. వెనక్కి తిరగలేదు.

నాకు ఇవాళ కూడా ఆ పిల్ల మీద కుళ్లుగానే ఉంది. ఒకరిని అంత ఇష్టంగా చూడటం నాకెప్పుడూ రాలేదు.

4 జూలై, శుక్రవారం

రోజూ అయిదు పీరియడ్లు లెక్కలే. ఆఫీసు గది తాళం ఆయా తవిటమ్మ దగ్గరే ఉంటోంది. ఇవాళ ఎనిమిదో తరగతి సమీకరణాలు. బోర్డు మీద సగంలో ఆగిపోయాను. నాకే రాలేదు. పిల్లలు చూస్తూ కూచున్నారు.

రేపు ఒంటిపూట బడి. మధ్యాహ్నం బండికి గరివిడి వెళ్తాను. లెక్కలు చెప్పించుకోవాలి.

నన్ను చూసి లేచి నిలబడుతుందో లేదో. లేవకపోతే తిరుగు బండికి వచ్చేస్తాను. లేస్తే ఏం చెయ్యాలో ఇంకా అనుకోలేదు.